ఇత్తడి తూటా - ప్లాస్టిక్ తూటా

మన యిళ్ళలో ఇత్తడి బిందె అటకెక్కి, దాని చోట ప్లాస్టిక్ బిందె వచ్చి కూర్చుని చాలా కాలమైంది. తేలిక, చవక, చింతపండు పెట్టి తోమే పని లేదు. అయితే పాత ఇత్తడి బిందెను తూకానికి వేస్తే నాలుగు డబ్బులు చేతికొస్తాయి; పగిలిన ప్లాస్టిక్ బిందె ముఖం యెవరూ చూడరు. సరిగ్గా యీ పేచీయే యిప్పుడు తుపాకుల లోకంలోనూ నడుస్తున్నది. నూరేళ్ళకు పైగా ఇత్తడితో చేస్తూ వచ్చిన తూటా తొడుగును ప్లాస్టిక్‌తో, శాస్త్రజ్ఞుల మాటలో పాలిమర్‌తో, చేస్తే కాల్చేవారికి లాభమా, నష్టమా?

తూటా అనగానే చాలామందికి గుండు గుర్తొస్తుంది. నిజానికి గుండు తూటాలో ఒక భాగమే. ముందు గుండు, దాని వెనక మందు, అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న టోపీ. యీ మూడింటినీ ఒకచోట పట్టి వుంచేది తొడుగు. ఒకప్పుడది వట్టి కాగితం పొట్లం. 1857లో సిపాయిలు పళ్ళతో కొరకబోమన్న ఎన్‌ఫీల్డు తూటా అలాంటిదే. దానికి పూసిన కొవ్వును గురించిన అనుమానం యెంత దూరం పోయిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ తరువాత రెండు మూడు దశాబ్దాలలో సైన్యాల తూటాలలో కాగితం పోయి ఇత్తడి వచ్చింది.

70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం కలిపిన యీ ఇత్తడి చేసే పని చూస్తే ముచ్చట వేస్తుంది. వేటగాళ్ళలోను, గురి పందేలలోను బాగా వాడుకలో వున్న .308 రైఫిలు పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 62 వేల పౌన్ల దాకా పోవచ్చు. ఆ క్షణంలో ఇత్తడి తొడుగు ఉబ్బి, తుపాకి అర గోడలకు అతుక్కుపోయి, మండే వాయువు వెనక్కు, అంటే కాల్చేవాడి ముఖం మీదికి, రాకుండా బిరడాలాగ అడ్డు నిలుస్తుంది. మరుక్షణంలో కాస్త ముడుచుకుని వదులవుతుంది. అప్పుడు తుపాకిలోని కొక్కెం దాని అంచు పట్టుకుని బయటికి లాగి పారేస్తుంది. పోతూ పోతూ కొంత వేడిని కూడా వెంట తీసుకుపోతుంది. ఉబ్బాలి, చిట్లకూడదు, ముడుచుకోవాలి, అంచు తెగకూడదు. ఇన్ని షరతులకు ప్లాస్టిక్ ఒప్పుకుంటుందా అన్నదే అసలు చిక్కు.

ఒక రకం తుపాకిలో ఒప్పుకుని చాలా కాలమైంది. 12 బోరు తుపాకిలో ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 11,500 పౌన్లకు మించదు. దాని తూటాలకు కాగితపు గొట్టం, ఇత్తడి అడుగు వుండేవి. చెమ్మ తగిలితే కాగితం ఉబ్బి, తూటా తుపాకిలో దూరేది కాదు. దూరితే వచ్చేది కాదు. 1960 ప్రాంతంలో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ ప్లాస్టిక్ గొట్టాలు తెచ్చింది. వానకు చెక్కుచెదరని ఆ తూటా ముందు కాగితం నిలవలేకపోయింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముచ్చట ముగిసినా, ఎగిరే మట్టి పళ్ళేలను కొట్టే ట్రాప్ పోటీలు వున్నాయి కదా! 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన కైనాన్ చెనాయ్ కంచు పతకమూ, జట్టుతో కలిసి బంగారు పతకమూ తెచ్చింది యీ ట్రాప్‌లోనే. ఆ పోటీల తూటాలో 24 గ్రాములకు మించి సీసపు గుళికలు వుండకూడదు. తొడుగు మామూలుగా ప్లాస్టిక్‌దే.

రైఫిలు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. అంత ఒత్తిడిలో ప్లాస్టిక్ అంచును కొక్కెం పట్టి లాగితే తెగి వూడివస్తుంది. అందుకని అడుగు భాగం ఉక్కుతోనో, మరో లోహంతోనో చేసి, పై భాగం మాత్రం పాలిమర్‌తో పోస్తారు. ఆ రెండూ కలిసే చోటే భయం. అక్కడ విడిపోయి సగం తొడుగు అరలో వుండిపోతే, పందెంలో వున్నవాడికి పోయేది పందెమే. యుద్ధరంగంలో వున్న సిపాయికి పోయేది ప్రాణం.

మరి యింత భయం పెట్టుకుని దీనివెంట పడడమెందుకు? బరువు కోసం. 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటా ఒక్కొక్కటి సుమారు 24 గ్రాములు. మరతుపాకి జట్టు 500 తూటాలు మోస్తే 12 కిలోలు. తయారీదారులు చెప్పే ప్రకారం నూటికి 30 పాళ్ళు తగ్గితే, మూడున్నర కిలోలు భుజం మీదినుంచి దిగినట్టే. కొండలెక్కే మనిషికి అది మంచినీళ్ళ సీసాలతో సమానం. ఇంకొక సుగుణం కూడా చెబుతారు: ప్లాస్టిక్ వేడిని త్వరగా పట్టనివ్వదు గనుక తుపాకి అర తక్కువ వేడెక్కుతుందని. ఇత్తడి పక్షంవారేమో, మా తొడుగు వేడిని మోసుకుపోతుంది కదా అంటారు. అసలు తొడుగే లేకుండా చేద్దామని జర్మనీలో జి-11 అనే రైఫిలు తయారుచేసినప్పుడు, వేడెక్కిన అరలో తూటా తనంత తానే పేలే బెడద యెదురైంది. ఇత్తడి విలువ అప్పుడు మరొకసారి తెలిసివచ్చింది.

అమెరికా సైన్యం కొత్త రైఫిలు కోసం పెట్టిన పోటీలో చివరిదాకా నిలిచిన మూడింటిలో రెండు పాలిమర్ తూటాలే. కాని 2022 ఏప్రిల్‌లో గెలిచింది మూడోది: ఉక్కు అడుగు, ఇత్తడి ఒళ్ళు గల సిగ్ సావర్ తూటా. దాని ఒత్తిడి 80 వేల పౌన్ల దాకా పోతుంది. అంతమాత్రాన పాలిమర్ ఓడిపోయిందనుకోకూడదు. .50 అంగుళాల భారీ మరతుపాకి తూటాలను యీ పద్ధతిలో చేయించడానికి అమెరికా మెరీన్ దళం 2020లో ఆర్డరు యిచ్చింది. బరువు యెక్కువైన కొద్దీ ఆదా యెక్కువ కనుక అది సబబుగానే తోస్తుంది.

మోయనక్కరలేని వాడి సంగతి వేరు. మైదానానికి కారులో పోయి నలభై తూటాలు కాల్చే రైఫిలుకాడికి యీ తేలికతనంతో పనేమిటి? ఇత్తడి తొడుగును, చట్టం అనుమతించే దేశాలలో, యేరుకుని, ఆకారం సరిచేసి, మళ్ళీ టోపీ, మందు, గుండు పెట్టి పలుమార్లు వాడుకుంటారు. పనికిరానిది కరిగింపుకు పోతుంది. ఉక్కూ ప్లాస్టిక్కూ కలిసిన తొడుగుకు సాధారణంగా ఆ రెండు భాగ్యాలూ లేవు. పైగా ప్లాస్టిక్ గోడ మందం కనుక, అదే కొలత తొడుగులో మందుకు చోటు తగ్గుతుంది. అచ్చులో పోసినవి గనుక అన్నీ ఒకే తీరుగా వుండి గురి బాగా కుదురుతుందని కంపెనీలు అంటాయి. అది నిజమే అయినా, యిప్పటికి నా వోటు ఇత్తడికే.

12 బోరులో మాత్రం ప్లాస్టిక్ గెలుపు తిరుగులేనిదనుకున్నారు. తీరా చూస్తే పొలాలలో, అడవులలో రంగురంగుల ఖాళీ గొట్టాలు, గుళికల వెనక పెట్టే ప్లాస్టిక్ బిళ్ళలు కుళ్ళకుండా పడి వుంటున్నాయి. 2020లో బ్రిటనులోని తొమ్మిది సంఘాలు కలిసి, పక్షుల వేటలో సీసాన్నీ, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌నీ అయిదేళ్ళలో మానుకోవాలని కోరాయి. అక్కడ కాగితం తూటాలు అసలు పూర్తిగా పోనేలేదు. పేలిన కాగితం వాసన కోసమే వాటిని కొనే ముసలి వేటగాళ్ళు కొందరు వున్నారు కూడాను!