మందుకు వేళ ముఖ్యం

హెచ్.ఐ.వి. ఒకసారి ఒంట్లో స్థిరపడితే దాన్ని పూర్తిగా తొలగించే మందు లేదని మనకు తెలుసు. మరి స్థిరపడక ముందే దాన్ని అడ్డగించగలమా? ఈ ప్రశ్నకు గట్టి జవాబు అమెరికాలోని సియాటిల్ నగరంలో కోతుల ద్వారా దొరికింది.

హెచ్.ఐ.వి.కి దగ్గర చుట్టమైన ఎస్.ఐ.వి. అనే వైరస్ కోతులకు సోకుతుంది. అందుచేత వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు చె-చుంగ్ సాయ్, ఆయన సహచరులు మకాక్ జాతి కోతులపై టెనోఫోవిర్ అనే రసాయనాన్ని పరీక్షించారు. దీన్ని ప్రాగ్ నగరంలో ఆంటొనిన్ హోలీ రూపొందించారు. వైరస్ మన కణంలో దూరి తన జన్యు పదార్థానికి నకలు తీస్తుంది. ఆ నకలు గొలుసులో టెనోఫోవిర్ నకిలీ లంకెలా చేరుతుంది. గొలుసు అక్కడితో ఆగిపోతుంది.

కొన్ని కోతులకు వైరస్ ఎక్కించడానికి 48 గంటల ముందు, కొన్నింటికి ఎక్కించిన 4 గంటలకు, మరికొన్నింటికి 24 గంటలకు మందు మొదలుపెట్టి, నాలుగు వారాలు రోజూ ఇచ్చారు. 1995లో ఫలితాలు వెలువడ్డాయి. మందు పొందిన కోతుల్లో ఒక్కదానికీ వైరస్ సోకలేదు. మందు ఇవ్వని వాటన్నిటికీ సోకింది.

1998లో అదే బృందం ప్రకటించిన మరో పరీక్ష ఇంకొక సంగతి తెలిపింది. 24 గంటలకు మొదలుపెట్టి 28 రోజులు ఇస్తే కోతులన్నీ తప్పించుకున్నాయి. 48 లేక 72 గంటలు ఆలస్యమైనా, 3 లేక 10 రోజులకే మానినా రక్షణ తగ్గిపోయింది.

ఈ పాఠం ఈనాడు మనుషులకు ఉపయోగపడుతున్నది. టెనోఫోవిర్‌తో కూడిన మందులను, ప్రమాదం జరిగిన 72 గంటలలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడతారు. 72 గంటలు గడువే గాని, అంతవరకు ఆగమని కాదు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

మీ ఇంట్లో నర్సుగానో, ఆయాగానో, ఆసుపత్రి చెత్త ఎత్తే పనిలోనో ఎవరైనా ఉన్నారా? వాడిన సూది గుచ్చుకుంటే గాయాన్ని పిండవద్దు. సబ్బుతో, నీళ్లతో కడిగి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అత్యాచారానికి గురైన స్త్రీకి కూడా ఈ మందు అవసరం కావచ్చు. నలుగురికి తెలుస్తుందన్న సిగ్గుతో ఇంట్లో దాచిపెట్టి రోజులు గడిపితే, పోయిన గడియలు మళ్లీ రావు. ఆమెను నిందించక, తోడుగా వెంటబెట్టుకొని వెళ్లడం ఇంటివారి బాధ్యత. మొదలుపెట్టిన మందును 28 రోజులూ వాడేలా చూడడమూ వారి బాధ్యతే.