వేలు చూపని బిడ్డ

దుగ్గిరాల స్టేషనులో రైలు వచ్చి ఆగినపుడు, తల్లి చంకలోని ఏడాదిన్నర పసివాడు ఏమి చేయునో ఎప్పుడైనను గమనించితిరా? మొదట రైలువైపు వేలు చూపును. వెంటనే తల్లి ముఖము వంక తిరిగి చూచును. “నేను చూచినదానిని నీవును చూచితివా?” అని దాని భావము. మాట రాకమునుపే మనుష్యుడు తోటి మనుష్యునితో జరుపు సంభాషణ ఇది. ఆటిజము గల శిశువులలో పెక్కుమందికి అడుగు తడబడునది ఈ మెట్టు దగ్గరనే. అట్టి బిడ్డయు రైలును చూచును; చక్రములు తిరుగుటను రెప్పవాల్చక చూచును. కాని ఆ సంతోషమును పంచుకొనుటకు తల్లి వంక తిరుగుట అరుదు.

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి వ్రాసిన వ్యాసముతో ఈ స్థితి వైద్యలోకపు దృష్టికి వచ్చినది. తల్లి ప్రేమ చాలకనే ఇట్లగునని తరువాత కొందరు పండితులు నిందించిరి. అది తప్పని తేలినది. టీకాలతో దీనిని ముడిపెట్టుచు 1998లో వెలువడిన వ్యాసమును, ప్రచురించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. ఆటిజము మెదడు ఎదుగుదలలోని భేదము. అందు వంశపారంపర్యమునకు పెద్ద పాలు కలదు, పెంపకమునకు లేదు.

గమనింపవలసిన గుర్తులు కొన్ని కలవు. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన పలుకకుండుట. ఏడాదిన్నరకును వేలు చూపకుండుట. రెండేండ్లకును రెండు మాటలు కూర్చి పలుకకుండుట. వచ్చిన మాటలు పోవుట. ఒకే ఆటను, ఒకే కదలికను మరల మరల చేయుట. ఏ ఒక్క గుర్తుతోను నిశ్చయమునకు రారాదు. పిలిచిన పలుకని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష చేయింపవలెను.

మన ప్రాంతమున పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో త్రిప్పి మెరుగు పెట్టుదురు. ఆ రొద మనకు అలవాటు. ఆటిజము గల కొందరు పిల్లలకు అట్టి శబ్దము భరింపరానిది. చెవులు మూసికొని ఏడ్తురు. చూచువారు దానిని మొండితనమందురు. ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠ మిచ్చటనే యున్నది: బిడ్డను దిద్దబోవుటకు ముందు, బిడ్డను బాధించుచున్నదేమో వెదకవలెను. పిమ్మట అన్నము కలిపి తినుట, చొక్కా తొడుగుకొనుట వంటి నిత్యకృత్యములను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, బిడ్డకు నచ్చిన ఆటతో జోడించి నేర్పవలెను. ఇంటిలో తల్లిదండ్రులు సాగింపని శిక్షణ నిలువదు.

“వాని మేనమామకును నాలుగేండ్లకు గాని మాటలు రాలేదు” అని పెద్దలు ధైర్యము చెప్పుదురు. ఆ మాట ప్రేమతో పలికినదే. కాని దానిని నమ్మి కూర్చున్నచో విలువైన కాలము గడచిపోవును. ఆటిజమును పోగొట్టు మందు లేదు. పసితనముననే శిక్షణ ప్రారంభించినచో మాట, కలివిడి, స్వయముగా పనులు చేసికొను నేర్పు మెరుగుపడు అవకాశము హెచ్చు. అనుమానము కలిగిన వెంటనే పిల్లల వైద్యుని చూడవలెను. 1984లో సికిందరాబాదున స్థాపింపబడిన జాతీయ సంస్థ ఇట్టి పిల్లల పరీక్షకును, శిక్షణకును పేరెన్నిక గన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఆటిజమునకును స్థానము కలదు.

రైలు కదలినపుడు బిడ్డ మీ వంక చూడకున్న, మీరే వాని ఎదుట కూర్చుండి, వాడు చూచుచున్న చక్రములనే చూడుడు. సంభాషణ అచ్చటనుండియు ఆరంభము కాగలదు.