ఆకుకూరకు నూనె తోడైతేనే

విటమిన్ ఏ అనగానే చిన్నపిల్లల నోట్లో పోసే మందే గుర్తొస్తుంది. పిల్లల చూపు కాపాడటానికి 1970లో మొదలైన జాతీయ పథకం అయిదేళ్ల లోపు వారి కోసం నడుస్తోంది. అది సబబే. ఆ వయసు దాటాక ఆధారం రోజూ తినే తిండే. ఇల్లందు చుట్టూ ఉన్న కోయ గూడేల్లో, లంబాడీ తండాల్లో, సింగరేణి కార్మికుల ఇళ్లలో పెద్దలకు ఈ విటమిన్ చాలాలంటే ఆకుకూర ఒక్కటే సరిపోదని, దానికి కాస్త నూనె కూడా తోడవ్వాలని నా వాదన.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవారికి రోజుకు 1000 మైక్రోగ్రాములు, ఆడవారికి 840, గర్భిణికి 900, పాలిచ్చే తల్లికి 950 కావాలి. దాదాపు అందరికీ చాలేలా కట్టిన లెక్క ఇది. కాలేయం నెలల తరబడి నిల్వ చేసుకుంటుంది కనుక నాలుగు రోజులు తగ్గినా ప్రమాదం లేదు. ఆ నిల్వ అడుగంటినప్పుడే కంటి రెటీనాలో మసక వెలుతురును పట్టే పదార్థం తయారు కాక రేచీకటి వస్తుంది. ఆపై కంటి తెల్లగుడ్డు ఎండిపోతుంది, దానిమీద నురగలాంటి మచ్చలు తేలతాయి. ఒంటికి జబ్బులను తట్టుకునే శక్తి తగ్గుతుంది. నెలలు నిండుతున్న గర్భిణులకు, కాలేయ జబ్బు, విడవని విరేచనాలు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ.

మునగాకు, తోటకూర పెరట్లోనే ఉండగా లోటెందుకని అడగొచ్చు. ఆకులో ఉండేది నేరుగా విటమిన్ కాదు, కెరోటిన్. అమెరికా నిపుణుల అంచనాలో 12 మైక్రోగ్రాముల కెరోటిన్ తింటే ఒక మైక్రోగ్రాము విటమినే చేతికొస్తుంది. కొవ్వు లేకుండా తింటే అదీ సరిగా ఒంటబట్టదు. అందుకే ఆకును ఉడికించి నూనెతో తాలింపు పెట్టాలి. వీలైనప్పుడు గుడ్డు, పాలు కలిస్తే తయారు విటమినే అందుతుంది. ఇల్లందు ఉన్న జిల్లాలోనే అశ్వారావుపేట, దమ్మపేటల్లో పండే పామాయిల్ గెలలకు ఎర్రదనమిచ్చేది కెరోటినే. శుద్ధి చేసేటప్పుడు అది దాదాపు అంతా పోతుంది. కాబట్టి కొనే నూనె ప్యాకెట్‌పై విటమిన్ కలిపారని చెప్పే ప్లస్ ఎఫ్ గుర్తు ఉందో లేదో చూడటం మంచిది.

ఇంత శ్రమెందుకు, మాత్ర వేసుకుంటే పోదా అనేవారూ ఉంటారు. తయారు విటమిన్ రోజుకు 3000 మైక్రోగ్రాములు దాటి చాలాకాలం తీసుకుంటే కాలేయానికి హాని కలగొచ్చు. గర్భిణి అయితే కడుపులోని బిడ్డకు అవకరాలు రావచ్చు. ఆకుకూరల కెరోటిన్‌తో ఆ భయం లేదు. మీ ఇంట్లో ఎవరైనా, ముఖ్యంగా గర్భిణి, పొద్దుగూకగానే తడుముకుంటూ నడుస్తుంటే మందుల దుకాణానికి కాదు, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.