సీటు దొరికిన పిమ్మట

సీటు దొరకునా, దొరకదా అనునది మన తండ్రుల కాలపు చింత. నేడు మక్తల్ ప్రాంతపు గ్రామములలో మేము తరచుగా వినుచున్న ప్రశ్న వేరు. "సీటు వచ్చినది, చేర్చవలెనా, మరియొక చోటికి చూడవలెనా?" అని తల్లిదండ్రులు అడుగుచున్నారు. ఈ ప్రశ్న వచ్చు కాలము కూడ చిక్కైనదే. డిగ్రీ సీట్లు ఖాయమగు దినములును, రైతు విత్తనములు, ఎరువులు కొనవలసిన దినములును ఒక్కటే. చేతిలో నున్న పైకమునకు రెండు దారులు. గడువు మాత్రము కొలది దినములే.

ఈ ప్రాంతమువారికి విశ్వవిద్యాలయమును ఎన్నుకొను అవకాశము సులభముగా లభింపలేదు. హైదరాబాదు రాజ్యమున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసినది. అందు బోధన ఉర్దూ భాషలో జరిగెడిది. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల నగరముననే యున్నను 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండెను. అందుచే మన జిల్లా పెద్దలు దూర దేశములకు పోయి చదివిరి. కల్వకుర్తి ప్రాంతమున జన్మించి హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారు పూనా ఫెర్గుసన్ కళాశాలలోను, గద్వాల ప్రాంతీయులైన సురవరం ప్రతాపరెడ్డిగారు మద్రాసులోను విద్య నభ్యసించిరి. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా వసతిగృహముల నుండి వెడలగొట్టబడిన విద్యార్థులలో అనేకులకు నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చినది. వారికది ఎన్నిక కాదు, తలదాచుకొనుట.

ఇప్పటి పరిస్థితి మారినది. 2008లో మహబూబ్‌నగరున పాలమూరు విశ్వవిద్యాలయము ఏర్పడినది. అంతకు ముందు ఈ జిల్లా డిగ్రీ కళాశాలలన్నియు ఉస్మానియా క్రింద నుండెడివి. అయినను 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి మహబూబ్‌నగరు జిల్లా అక్షరాస్యత 55 శాతము మాత్రమే. నాటి ఆంధ్రప్రదేశమున మరి ఏ జిల్లాకును ఇంత తక్కువ లేదు. ఇంటిలో మొదటిసారి డిగ్రీలో చేరు బిడ్డకు సలహా చెప్పగల అన్నయో, మామయో ఊరిలో దొరకుట అరుదు.

గత జ్యేష్ఠమాసమున మక్తల్‌లోని ఒక మీసేవ కేంద్రము ముందు మేము ఒక రైతును, ఆయన కుమార్తెను కలిసికొంటిమి. ఆమెకు హైదరాబాదులో సీటు వచ్చినది.

"ఉస్మానియాల వచ్చింది సార్" అని తండ్రి గర్వముగా చెప్పెను.

"అది ఉస్మానియా కాదు నాయినా, ఉస్మానియా కిందున్న ప్రైవేటు కాలేజి" అని కుమార్తె మెల్లగా సవరించినది.

ఈ భేదమును గ్రహింపక మోసపోవువారు పెక్కుమంది కలరు. ఉస్మానియా యనగనే మన కనులకు 1939లో ప్రారంభమైన ఆ రాతి ఆర్ట్స్ కళాశాల భవనము తోచును. కాని డిగ్రీ విద్యార్థులలో అత్యధికులు ఆ ఆవరణమున చదువరు. విశ్వవిద్యాలయము తానే నడుపు నిజాం కళాశాల వంటివి కొన్నియే. తక్కినవి అనుబంధ కళాశాలలు. పరీక్ష నడిపి పట్టా నిచ్చునది విశ్వవిద్యాలయము, పాఠము చెప్పునది ఆ కళాశాల. పట్టాపై ఏ పేరుండునో అడుగుట మంచిదే. అంతకంటె ముందు అడుగవలసినది, తన సబ్జెక్టులు చెప్పు అధ్యాపకులు ఎందరున్నారు, ప్రయోగశాల తలుపు వారమునకు ఎన్ని దినములు తెరచియుండును అని. మహబూబ్‌నగరులోని ప్రభుత్వ కళాశాలలో వృక్షశాస్త్రము చెప్పువారుండి, నగరపు సందులోని కళాశాలలో లేకపోయిన యెడల, నగరము పేరు చూచి పోవుట వలన ప్రయోజనమేమి? ఆ బాలిక ఉపాధ్యాయిని కావలెనని కోరుకొనుచున్నది. బి.ఎస్‌సి. తరువాత బి.ఇడి. చదువవలెను. ఆమెకు వచ్చినది కంప్యూటరు కోర్సు. ఎట్లు వచ్చినదని అడుగగా, ఆప్షనుల వరుసను కేంద్రములోని యువకుడే నింపెనని తెలిసినది.

2016 నుండి తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు 'దోస్త్' అను ఆన్‌లైను పద్ధతిలో జరుగుచున్నవి. విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, కోర్సులను వరుసగా వ్రాయవలెను. మార్కులను, రిజర్వేషనులను బట్టి ఆ వరుసలో పైనున్న దానిలో దొరకిన సీటు నిత్తురు. వచ్చిన సీటును గడువులోపల 'సెల్ఫ్ రిపోర్టింగు' చేసి నిలుపుకొనవలెను, చేయనిచో పోవును. నిలుపుకొన్న పిమ్మట రెండవ విడతలో మరల ఆప్షను లీయవచ్చును. రెండవ విడతలో వేరు సీటు వచ్చినచో మొదటిది తనంతట తానే రద్దగును. కావున రెండవ విడతలో, చేతనున్న సీటు కంటె నిజముగా మేలని తోచిన వానినే వ్రాయవలెను. ఖాళీ గడులు నింపుటకై పది పేర్లు వ్రాయుట, ఉన్న దానిని పోగొట్టుకొనుటకు దారి. సీటు వచ్చిన తరువాత కదా నిర్ణయము అని అందరు తలంతురు. మా అనుభవమున సగము నిర్ణయము ఆ వరుసలోనే జరిగిపోవును. అది విద్యార్థి చేతి వ్రాతలో నుండవలెను.

తండ్రి మనసు మాత్రము రాయచూరుపై నున్నది. అచ్చట బాలిక మేనమామ గలడు. ఒక కళాశాలవారు సీటిత్తుమనిరి. మక్తల్ నుండి రాయచూరు సుమారు 45 కిలోమీటర్లు. మహబూబ్‌నగరు అంతకంటె దూరము. 1956 నవంబరు 1కి పూర్వము రాయచూరును మనదియు ఒకే రాష్ట్రము. బంధుత్వములు నేటికిని సరిహద్దు నెరుగవు. 2023 అక్టోబరు 1న జక్లేరు, కృష్ణ స్టేషనుల మధ్య 37 కిలోమీటర్ల క్రొత్త రైలు మార్గము జాతికి అంకితమై, కాచిగూడ నుండి రాయచూరునకు ఈ దారిన రైలు కూడ నడచుచున్నది. బంధువుల ఇంట భోజనము, కనుచూపులో బిడ్డ: తండ్రి ఆలోచనను మేము త్రోసిపుచ్చజాలము.

కాని చదువు పద్దులో సరిహద్దు కలదు. మన రాష్ట్రపు రుసుముల చెల్లింపు పథకము ప్రధానముగా ఈ రాష్ట్రపు కళాశాలలకు ఉద్దేశింపబడినది. పొరుగు రాష్ట్రమున చేరుటకు ముందు జిల్లా సంక్షేమ కార్యాలయమున అడిగి, సమాధానము తెలిసికొని కదలవలెను. తరువాత బి.ఇడి.కి ఇచ్చటకు తిరిగి వచ్చునపుడు స్థానిక అభ్యర్థి యగునా కాదా అనునది, అంతకు ముందటి సంవత్సరములు ఎచ్చట చదివెనను దానిపై చాలవరకు ఆధారపడును. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితము; ఆ ఉచితము రాష్ట్రపు ఎల్ల వరకే. మహబూబ్‌నగరునకు దినదినము పోయిరాదలచిన బాలికకు ఛార్జీ లేదు. అయితే పోను రాను మూడు గంటలు బస్సులో గడచును. వానాకాలపు సాయంకాలములందు ఇంకను ఆలస్యమగును. ఆ మూడు గంటలకు ఎవరును ధర కట్టరు.

రుసుముల చెల్లింపును గూర్చి ఒక మాట. ప్రభుత్వ పత్రికలో వ్రాయుటకు ఇంపైనది కాకున్నను చెప్పకతప్పదు. ఆ నిధులు కళాశాలలకు చేరుటలో జాప్యము జరిగిన సంవత్సరములు కలవు. అట్టియెడ కొన్ని ప్రైవేటు కళాశాలలు విద్యార్థినే ముందు కట్టుమని కోరుటయు కలదు. చేరుటకు ముందే ఈ సంగతి సూటిగా అడిగి, కట్టవలసిన మొత్తమును కాగితముపై వ్రాయించుకొనుట మేలు. ఆదాయ ధ్రువపత్రమును ఇప్పుడే తీసికొనవలెను. బిడ్డ హాజరు 75 శాతమునకు తగ్గరాదు.

ఇంకొక తండ్రి గోడు కూడ అచ్చటనే వింటిమి. కుమారుని అసలు సర్టిఫికెట్లన్నియు ఒక కళాశాలలో నిచ్చి, పది దినములకు వేరొక చోట మంచి సీటు రాగా, పూర్తి రుసుము కట్టినగాని తిరిగి ఈయమని వారనిరట. ఇట్లు చేయుటకు ఎవరికిని అధికారము లేదు. యు.జి.సి. 2018లో ఇచ్చిన ప్రకటన ననుసరించి, కళాశాల అసలు పత్రములను సరిచూచి వెంటనే తిరిగి ఈయవలెను. మానుకొన్నవారికి రుసుము తిరిగి ఇచ్చు లెక్కయు అందే కలదు. ప్రవేశములకు ప్రకటించిన తుది దినమునకు 15 దినములు ముందుగనే తెలిపినచో, స్వల్ప ఖర్చు మినహా మొత్తము. ఆ 15 దినముల లోపల తెలిపినచో 90 శాతము. తుది దినము దాటిన 15 దినములలో 80 శాతము. 30 దినములలో 50 శాతము. అటుపిమ్మట ఏమియు రాదు. 2024-25కు సెప్టెంబరు 30 లోపల మానుకొన్నవారికి పూర్తి రుసుము ఈయవలెనని వేరుగా ఉత్తరువైనది. ఏ సంవత్సరపు ఉత్తరువు ఆ సంవత్సరము చూచుకొనవలెను. మానుకొనుచున్నామను సంగతిని నోటిమాటగా గాక వ్రాతమూలకముగా తెలిపి, ప్రతిపై తేదీతో సంతకము పొందవలెను. టి.సి. యొక్కటి మాత్రము చేరిన కళాశాలకు అప్పగింపవలసినదే. కావున మనసు స్థిరపడువరకు దానిని ఇల్లు దాటనీయరాదు.

ఇల్లు విడువ వీలులేని బిడ్డకు 1982లో స్థాపింపబడి నేడు అంబేడ్కరు పేరు ధరించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయ మదియే. నడిబజారులో బల్ల వేసికొని "ఒక్క సంవత్సరములో డిగ్రీ" యనువారి వద్ద పైకము కట్టుటకు ముందు, యు.జి.సి. ప్రకటించు నకిలీ విశ్వవిద్యాలయముల జాబితాను చూచినచో చాలును.

మరల ఆ తండ్రీకూతుళ్ళ సంగతి. ముందుగా చేతనున్న సీటును నిలుపుకొనుమంటిమి. రెండవ విడతకు ఆమె తానే కాగితముపై రెండు పేర్లు వ్రాసినది. మొదటిది హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయము. 1924లో మహిళా కళాశాలగా ఆరంభమై, 2022లో విశ్వవిద్యాలయమై, పిదప చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. రెండవది మహబూబ్‌నగరు ప్రభుత్వ మహిళా కళాశాల. రెండింటను కోరినది జీవశాస్త్రముల బి.ఎస్‌సి.యే. ఈ రెండును రాకున్న ఉన్న సీటు ఉండనే యుండును. కోఠిలో సీటు వచ్చినంత మాత్రమున వసతి దొరకునను రూఢి లేదనియు, వసతికి వేరుగా దరఖాస్తు చేయవలెననియు మేము హెచ్చరించితిమి.

తండ్రి ఆ కాగితమును చాలసేపు చూచెను. "మొదట పాలమూరు రాయరాదా, బిడ్డా?" అని అడిగెను.

"అది మొదట రాస్తే కోఠి ఎన్నటికి రాదు నాయినా. కోఠి రాకుంటే పాలమూరు వస్తది."

ఆయన మరి మాటాడలేదు. జేబు నుండి రుసుము తీసి బల్లపై పెట్టి, ఊరికి పోవు ఆఖరు బస్సు ఎన్ని గంటలకని ప్రక్కవానిని అడిగెను.