రోడ్డేమన్నా మీ తాతదా?

2024 అక్టోబరు 15 సాయంత్రం పారిస్ నడిబొడ్డున, మడలెన్ చర్చికి దగ్గర్లో, ఒక ఎస్‌యూవీ సైకిళ్ల కోసం వేరుచేసిన దారిలోకి వచ్చింది. ప్రాసిక్యూటర్ల కథనం ప్రకారం, దాని చక్రం 27 ఏళ్ల ఓ యువకుడి పాదం మీదికెక్కింది. సైకిల్ మీద ఉన్న అతను బానెట్ మీద గుద్ది కేకలేశాడు. ఆ తర్వాత కారు అతని మీదుగానే వెళ్లింది. 52 ఏళ్ల డ్రైవరు మీద హత్యానేరం మోపారు. ఫ్రాన్స్‌లో ఊరూరా సైకిల్ సంఘాలు రోడ్డెక్కాయి, రోడ్ల మీద హింసను అరికట్టడమెలాగో తేల్చమని ప్రభుత్వం ఓ నివేదిక అడిగింది. ఇలాంటిది ఎక్కడ జరిగినా చర్చ ముందుగా మనుషుల స్వభావం మీదికి పోతుంది. వాడు కోపిష్టి, వీడు మొండివాడు, ఈ కాలంలో ఎవరికీ ఓపిక లేదు అంటాం. ఓపిక లేకపోవడం నిజమే. కానీ స్వభావంతో ఈ తగాదా పూర్తిగా అర్థం కాదు. హద్దురాయి లేని రెండు చేల మధ్య గట్టు తగాదా లాంటిది ఇది. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి శాంతం గురించి ఎంత చెప్పినా, సర్వేయరు వచ్చి రాయి పాతేదాకా తెగదు. కారుకూ సైకిలుకూ మధ్య గొడవ ముందుగా జాగా గురించి. ఆ జాగా ఎవరిదో తేల్చకుండా వదిలేసిన ప్రభుత్వాలకు అందులో డ్రైవరుకున్నంత బాధ్యతా ఉంది.

స్వభావం వాదన ఎక్కడ తేలిపోతుందో ఇంగ్లండ్‌లో జరిగిన రెండు ప్రయోగాలు చూపిస్తాయి. ఇయాన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2006లో తన సైకిలుకు దూరం కొలిచే సెన్సారు బిగించుకుని తిరిగాడు. తనను దాటుకుపోయే వాహనం ఎంత ఎడంగా పోతోందో అది నమోదు చేసేది. 2,300కు పైగా వాహనాల లెక్క తీస్తే, ఆయన హెల్మెట్ పెట్టుకున్నప్పుడు అవి సగటున 8.5 సెంటీమీటర్లు మరింత దగ్గరగా పోయాయి. ఆడమనిషిలా కనపడేలా పొడుగాటి విగ్గు పెట్టుకుంటే ఇంకాస్త ఎడంగా పోయాయి. ఆ తిరుగుడులోనే ఒక బస్సూ, ఒక లారీ ఆయన్ని గుద్దాయి కూడా. హెల్మెట్ లెక్క మీద తర్వాత పండితుల మధ్య వాదాలు నడిచాయి కాబట్టి దాన్ని మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది 2013లో బయటికొచ్చిన రెండో అధ్యయనం. పందెపు సైక్లిస్టు వేషం, కొత్తగా నేర్చుకుంటున్నవాడి వేషం, మెరిసే జాకెట్టు, ఇలా ఏడు రకాల దుస్తులు మార్చి చూశారు. పోలీసు అన్న మాట, వీడియో తీస్తున్నామన్న హెచ్చరిక ఉన్న జాకెట్టుకు మాత్రం వాహనాలు కొద్దిగా ఎడం ఇచ్చాయి. మిగతా ఏ వేషమూ తేడా తేలేదు. పైగా ఏం వేసుకున్నా సరే, నూటికి ఒకటో రెండో వాహనాలు అరమీటరు లోపు నుంచే దూసుకుపోయాయి. అంటే మర్యాదస్తుడిలా కనపడినా, నియమాలన్నీ పాటించినా, సైకిల్ మీద ఉన్న మనిషి ఆ ఒకటి రెండు శాతాన్ని తప్పించుకోలేడు. రోజూ ఆఫీసుకు పోయివచ్చేవాణ్ణి వందల వాహనాలు దాటుతాయి. ప్రతిరోజూ కనీసం ఒకసారి అతని మోచేతిని గాలి కోసినట్టు ఓ బండి పోతుంది.

ఆ ఒకటి రెండు శాతం ఎవరో రాక్షసులని అనుకోవడానికీ లేదు. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు 442 మందికి బొమ్మలు చూపించి అడిగారు. కొందరికి కోతి నుంచి మనిషి దాకా, మరికొందరికి బొద్దింక నుంచి మనిషి దాకా వరసగా గీసిన బొమ్మలు. ఈ వరసలో సైక్లిస్టులను ఎక్కడ నిలబెడతారు అన్నది ప్రశ్న. సైకిల్ తొక్కని వారిలో 55 శాతం మంది వాళ్లను పూర్తి మనిషి కంటే కింది మెట్టు మీదే పెట్టారు. వింతేమిటంటే తొక్కేవారిలోనూ 30 శాతం మంది అదే పని చేశారు. సైకిలుకు కావాలనే కారు అడ్డం పెట్టామని 17 శాతం మంది, కావాలనే ఆనించినంత దగ్గరగా నడిపామని 11 శాతం మంది ఒప్పుకున్నారు. వీళ్లంతా మామూలు జనం. అదే మనిషి బజారులో ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిస్తారు.

మరి రోడ్డు మీద ఏమవుతోంది? కారు నడిపేవాడికి రోడ్డు మొదటిరోజు నుంచీ ఒక మాట చెబుతూ వస్తుంది, ఇది నీ కోసం వేసిందే అని. వెడల్పు, మలుపు, సిగ్నల్ వ్యవధి, ఫ్రీ లెఫ్ట్, అన్నీ అతని వేగానికి సరిపడా కొలిచి పెట్టినవి. అందులోకి వచ్చిన సైకిలు అతనికి చుట్టంలా కూడా కాదు, ఆక్రమణదారులా కనపడుతుంది. నిజంగా అది ఎంత ఆలస్యం చేస్తుందో లెక్కేస్తే నవ్వొస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు వెనక 200 మీటర్లు నడిస్తే 48 సెకన్లు పడుతుంది. 30 కిలోమీటర్ల వేగంతో పోయి ఉంటే 24. పోయిన ఆ 24 సెకన్లు తర్వాతి ఎర్ర లైటు దగ్గర ఎలాగూ పోయేవే. అదే ఎర్ర లైటు దగ్గర ముందున్న నలభై కార్ల వల్ల నాలుగు నిమిషాలు పోతే వాటి మీద కోపం రాదు, దాన్ని ట్రాఫిక్ అంటాం. సైకిలు ఒక్కటే, ముందే కనపడుతోంది, దాని మీద ఓ మనిషి కనపడుతున్నాడు. కోపానికి ఒక ముఖం దొరుకుతుంది. అవతలివాడి కోపం వేరే జాతిది. అతనికి వచ్చింది భయం. అది తేరుకున్న మరుక్షణంలో బానెట్ మీద గుద్దుగా, తిట్టుగా బయటికొస్తుంది. ఇద్దరూ అరుచుకుంటున్నారు కాబట్టి ఇద్దరిదీ ఒకటే అనిపిస్తుంది. ఒకడు పోగొట్టుకుంటున్నది అరనిమిషం, ఇంకొకడు తృటిలో నిలుపుకున్నది ప్రాణం.

డ్రైవర్లను బాగా మండించేది సైకిలు రోడ్డు మధ్యన పోవడం. ఇది పొగరని అందరూ అనుకుంటారు. అంచున ఏముంటుందో కారులోంచి కనపడదు. మురుగు జాలీ చువ్వల మధ్య సందులు, కొట్టుకొచ్చిన కంకర, చూసుకోకుండా తలుపు తెరిచే ఆగిన కార్లు, అన్నీ అక్కడే. పైగా సైకిలు అంచుకు నక్కితే వెనక ఉన్నవాడు అదే వరసలో దూరిపోవచ్చని ఆశపడతాడు, ఆ ఇరుకులోనే హ్యాండిల్ తగులుతుంది. బ్రిటన్ ఇది గుర్తించి 2022 జనవరి 29 నుంచి హైవే కోడ్ మార్చింది. రద్దీ లేని వీధుల్లో, కూడళ్ల దగ్గర వరస మధ్యలో తొక్కమని సైక్లిస్టులకే చెప్పింది. గంటకు 30 మైళ్ల వేగం దాకా పోయే వాహనం సైకిలును దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలంది. ఎక్కువ హాని చేయగల వాహనానికే ఎక్కువ బాధ్యత అన్న సూత్రాన్నీ చేర్చింది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, సైకిళ్లవాళ్లు మాత్రం నియమాలు పాటిస్తారా అని. సిగ్నల్ దాటతారు, రాంగ్ రూట్లో వస్తారు. నిజం, వస్తారు. డెన్మార్క్ రోడ్ల శాఖ తరఫున కూడళ్లలో కెమెరాలు పెట్టి లెక్కించి, 2019లో ఫలితం ప్రకటించారు. సైకిల్ ట్రాక్ ఉన్నచోట నియమం తప్పినవాళ్లు ఐదు శాతం లోపు, లేనిచోట 14 శాతం. అదే దేశం, అదే జనం. మన ఊళ్లలో దీన్ని చూడటానికి కెమెరా కూడా అక్కర్లేదు. డివైడరు కట్టి, యూటర్న్ కిలోమీటరు అవతల పెట్టాక, ఎదుటి సందులో పాలు వేయాల్సినవాడు రెండు కిలోమీటర్లు చుట్టి రాడు. పెట్రోలు పోసేవాడి కోసం వేసిన డిజైను అది, కాళ్లతో తొక్కేవాడికి సరిపడదు. అలాగని తాగి తొక్కేవాణ్ణి, చీకట్లో లైటు లేకుండా ఎదురొచ్చేవాణ్ణి వెనకేసుకు రావాల్సిన పని లేదు, జరిమానా వేయాల్సిందే. ఆ తప్పుకు మరణదండన వేసే అధికారం మాత్రం స్టీరింగు పట్టుకున్నవాడికి లేదు.

రెండోది పన్ను. రోడ్డు టాక్సు మేము కడుతున్నాం, వాళ్లేం కట్టారు అన్న మాట లండన్‌లోనూ వినపడుతుంది, లక్డీకాపూల్‌లోనూ వినపడుతుంది. బ్రిటన్‌లో వాహన పన్నును రోడ్ల ఖర్చుకే కేటాయించే పద్ధతి 1937లోనే పోయింది. అప్పట్నుంచీ అక్కడ రోడ్లు అందరి పన్నులతో వేసినవే. మన మునిసిపల్ వీధులకూ ఇంటి పన్ను డబ్బు పోతుంది. అది సైకిలున్న ఇంటిదీ, కారున్న ఇంటిదీ. మరో సంగతి, ఒకప్పుడు తెలుగు ఊళ్లలో సైకిలుకు పన్ను ఉండేది. మునిసిపాలిటీకి డబ్బు కట్టి బిళ్ళ తెచ్చి బిగించుకోవాలి, రాత్రిపూట డైనమో లైటు వెలగాలి, డబుల్స్ ఎక్కితే పోలీసు పట్టుకునేవాడు. ఆ రోజుల్లో పన్ను కట్టిన సైకిలుకు ఎవరైనా ప్రత్యేకంగా దారి వేశారా అంటే అదీ లేదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. సైకిలుకు ప్రత్యేక స్థానమేమీ లేని మన దేశంలో ఈ తగాదా ఎందుకు కనపడదు? రెండు బైకులు రాసుకుంటే నడిరోడ్డున కొట్టుకునే జనం, కారువాడూ సైకిల్‌వాడూ కలబడ్డారన్న వార్త మాత్రం అరుదుగా చదువుతారు. కారణం శాంతం కాదు. 2011 జనాభా లెక్కల్లో సేద్యం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో సుమారు 13 శాతం మంది పనికి సైకిల్ మీదే పోతున్నామన్నారు. వాళ్లెవరు? పేపరు వేసేవాళ్లు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్లు, తాపీపని కూలీలు, వెనక ఫ్లాస్కు కట్టుకుని టీ అమ్మేవాళ్లు. వెనక హారన్ మోగగానే వాళ్ల సైకిలు తారు మీంచి మట్టిలోకి దిగిపోతుంది. రోడ్డేమన్నా నీ తాతదా అని అడగాల్సింది వాళ్లు. అడిగించుకుంటున్నదీ వాళ్లే. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో 4,836 మంది సైకిల్ మీద పోతూ చనిపోయారు, రోజుకు 13 మంది. ఒక్క గుద్దూ, ఒక్క తిట్టూ లేకుండా జరిగిన చావులే వాటిలో ఎక్కువ అయ్యుంటాయి. గొడవ లేకపోవడాన్ని చూసి మురిసిపోవడానికేమీ లేదు. పారిస్‌లో గొడవ ఉందంటే అక్కడ సైకిల్‌వాడు తన వాటా అడిగే స్థితికి వచ్చాడని అర్థం. 2024లో వచ్చిన ఒక సర్వేలో ఆ నగరంలోని ప్రయాణాల్లో 11 శాతానికి పైగా సైకిల్ మీద, నాలుగు శాతం చిల్లర కార్ల మీద జరుగుతున్నట్టు తేలింది. జాగా చేతులు మారుతున్న చోటే మాటలు పెరుగుతాయి.

అలాంటి దశను దాటిన దేశం నెదర్లాండ్స్. అక్కడివాళ్లు పుట్టుకతో సైకిల్ మనుషులన్నది ఒట్టి కథ. 1971లో అక్కడ రోడ్ల మీద 3,300 మంది దాకా చనిపోయారు, అందులో 400కు పైగా పిల్లలు. పిల్లల హత్యలు ఆపండి అంటూ తల్లిదండ్రులు వీధులకు అడ్డం కూర్చున్నారు, తర్వాత చమురు కొరత వచ్చింది, ప్రభుత్వం దిగొచ్చి దశాబ్దాల పాటు దారులు మార్చింది. ఇప్పుడక్కడ అన్ని రకాల రోడ్డు మరణాలూ కలిపి ఏడాదికి 700 అటూఇటూ. దారికి తోడు అక్కడ చట్టమూ ఉంది. మోటారు వాహనం సైకిలును గుద్దితే నష్టపరిహారం బాధ్యత మొదటగా వాహనానిదే, 14 ఏళ్లలోపు పిల్లలైతే దాదాపు పూర్తిగా. ఇది డ్రైవర్లకు అన్యాయం కాదా అంటారు. పరిహారం వేరు, నేరం వేరు. జైలుకు పంపాలంటే అక్కడా తప్పు రుజువు కావాల్సిందే. మన మోటారు వాహనాల చట్టంలోనూ ఈ ఆలోచన లేకపోలేదు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 164వ సెక్షన్ కింద, తప్పెవరిదని తేల్చకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వాహన యజమాని గానీ బీమా కంపెనీ గానీ ఇవ్వాలి. ఎంతమంది కూలీల కుటుంబాలకు ఈ సంగతి తెలుసన్నది వేరే ప్రశ్న.

చివరి అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. మనకు జాగా ఎక్కడుంది? కొత్తపేటలోనూ, బెజవాడ వన్‌టౌన్‌లోనూ ట్రాక్ ఎలా వేస్తారు? హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సౌర ఫలకాల కప్పుతో. బాగుంది, తెల్లవారుజామున వ్యాయామానికి కారు డిక్కీలో సైకిలు వేసుకెళ్లేవాళ్లకు మరీ బాగుంది. పనికిపోయే కూలీకి అది దారిలో తగలదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు, వాటిని తొక్కాల్సిన రోడ్డు సంగతి పథకంలో లేదు. ఇరుకు వీధుల్లో ట్రాక్ వేయలేమన్నది ఒప్పుకోవాల్సిందే. అక్కడ మార్చగలిగేది వేగం. పారిస్ 2021 ఆగస్టు నుంచి చాలా వీధుల్లో గంటకు 30 కిలోమీటర్ల పరిమితి పెట్టింది. ఒక డ్రైవరు 50 మీటర్ల ముందు సైకిలును చూశాడనుకుందాం. అది 15తో పోతోంది, ఇతను 60తో. దాన్ని చేరడానికి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో అతని చెయ్యి అలవాటుగా హారన్ మీదికే పోతుంది. ఇతను 30తో పోతుంటే పన్నెండు సెకన్లు దొరుకుతాయి. అద్దం చూసుకుని, పక్కన చోటుంటే జరగడానికి, లేకపోతే సందు మలుపు దాకా వెనకే నడవడానికి అది చాలు. దీనికి రోడ్డు వెడల్పు చేయనక్కర్లేదు, ఎవరి ఇల్లూ కూల్చనక్కర్లేదు. ఆ వీధి మొదట్లో ఓ బోర్డు, మధ్యలో రెండు మూడు సరైన స్పీడ్ బ్రేకర్లు, ఆ పరిమితిని తొలి నెలల్లో నిలబెట్టే ఒక కానిస్టేబులు కావాలి.