హ్యాండు బ్రేకు ఎందుకు పట్టదు?

ఎద్దుల బండిని మిట్ట మీద ఆపుతారు. కాడి విప్పుతారు. వెంటనే చక్రం కింద రాయి పెడతారు. ఎందుకు? బండి పల్లానికి దొర్లిపోకూడదని. ఈ సంగతి పల్లెలో ఎవరికీ చెప్పనక్కర లేదు.

కారుకు కూడా ఇట్లాంటి కాపలా ఒకటి ఉంది. అదే హ్యాండు బ్రేకు. చాలా కార్లలో అది డ్రైవరు పక్కన పిడిలాగా ఉంటుంది. కారు ఆపినాక డ్రైవరు ఆ పిడిని పైకి లాగుతాడు. అప్పుడు వెనక చక్రాలు కదలవు.

గుమ్మఘట్ట వానలు తక్కువ పడే సీమ. చెట్ల నీడ తక్కువ. శనక్కాయ చేను దగ్గర బండి ఆగితే దాని నీడలోనే కూలీలు సద్ది తింటారు. చంటిబిడ్డను అక్కడే పడుకోబెడతారు. ఆ బండి దొర్లితే ఏమవుతుంది? అందుకే ఈ సంగతి కారు నడిపేవాళ్లకు ఒక్కరికే తెలిస్తే చాలదు. కారు ఎక్కే ఆడవాళ్లకూ తెలియాలి.

పళ్లెం బ్రేకు

చాలా కార్లకు వెనక చక్రాల్లో డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. కొన్ని కార్లకు వెనక కూడా డిస్కు బ్రేకులు ఉంటాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. పెనుకొండ అప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడ తయారయ్యే సెల్టోస్ కార్లలో వెనక డిస్కు బ్రేకులు ఉన్నవి ఉన్నాయి.

డిస్కు అంటే ఇనుప పళ్లెం. అది చక్రంతో పాటు తిరుగుతుంది. కాలితో బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు ఆ పళ్లేన్ని రెండు వైపులా పట్టుకుంటాయి. పట్టకారుతో వేడి గిన్నెను పట్టుకున్నట్టే.

కాలి బ్రేకు ఆయిలుతో పని చేస్తుంది. పిడి ఉన్న హ్యాండు బ్రేకు ఇనుప తీగతో పని చేస్తుంది. ఆ తీగను కేబులు అంటారు. రెండు దారులూ వేరు. కాబట్టి కాలి బ్రేకు బాగుంది కదా అని హ్యాండు బ్రేకు కూడా బాగుందని అనుకోకూడదు.

ఇందులో రెండు రకాలు

మొదటి రకంలో పళ్లెం మధ్య భాగం గిన్నెలాగా ఉంటుంది. ఆ గిన్నె లోపల రెండు చిన్న బ్రేకు షూలు ఉంటాయి. హ్యాండు బ్రేకు లాగితే అవి విచ్చుకుని గిన్నెను లోపలి నుంచి ఒత్తుతాయి.

రెండో రకంలో వేరే షూలు ఉండవు. కాలి బ్రేకుకు ఉన్న ప్యాడ్లే హ్యాండు బ్రేకుకూ పనికొస్తాయి. కేబులు ఒక చిన్న చెయ్యిలాంటి ఇనుప ముక్కను లాగుతుంది. అది తిరిగి ప్యాడ్లను బిగిస్తుంది.

జబ్బు కనిపెట్టడం ఎట్లా?

పిడి లాగుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. ఎన్ని టిక్కులకు పట్టాలో కారుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. అంతకన్నా చానా పైకి వస్తే కేబులు సాగి ఉండవచ్చు. లేదా లోపలి షూలు అరిగి ఉండవచ్చు.

పిడి గట్టిగానే ఉంది, అయినా కారు జారుతోంది. అప్పుడు తప్పు చక్రం దగ్గర ఉండవచ్చు. షూల మీద ఆయిలు పడి ఉండవచ్చు. తుప్పు పట్టి ఉండవచ్చు. లేదా కేబులు మధ్యలో పట్టేసి ఉండవచ్చు.

మెకానిక్కు కారును సమంగా ఉన్న నేల మీద పెడతాడు. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెడతాడు. ఇది మరువకూడదు. హ్యాండు బ్రేకు పట్టేది వెనక చక్రాలను. వాటిని జాకీతో పైకి ఎత్తితే ఇక కారును ఆపేది ఆ రాళ్లే. ఎత్తినాక కింద స్టాండ్లు పెట్టాలి. జాకీని ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి పోకూడదు.

తర్వాత పిడి లాగి వెనక చక్రాలను చేత్తో తిప్పి చూస్తాడు. ఒకటి ఆగి, ఒకటి తిరిగితే తిరిగిన వైపే జబ్బు. రెండూ తిరిగితే కేబులు వదులై ఉండవచ్చు, లేదా రెండు వైపులా అరిగి ఉండవచ్చు. పిడి దించినాక కూడా చక్రం బిగుసుకునే ఉంటే, ఆ వైపు ఏదో పట్టేసిందని అర్థం.

ఊరికే బిగిస్తే చాలదు

నులక మంచం వదులైతే నులక బిగిస్తారు. కోడు పుచ్చిపోతే నులక బిగించి లాభం లేదు. హ్యాండు బ్రేకు కూడా అంతే. కొందరు చక్రం విప్పకుండానే కేబులు బిగించి పంపుతారు. రెండు రోజులు బాగుంటుంది. మళ్లీ వదులవుతుంది. డబ్బు దండగ.

మొదటి రకంలో ముందు షూలను సరిచెయ్యాలి. దానికి లోపల చిన్న పళ్ల చక్రం ఉంటుంది. ఆ తర్వాతే కేబులు చూడాలి. రెండో రకంలో కేబులు మరీ బిగిస్తే ప్యాడ్లు పళ్లేన్ని వదలవు. కారు నడుస్తుంటే చక్రం వేడెక్కుతుంది. కాలిన వాసన వస్తుంది. ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. కాబట్టి "ముందు చక్రం దగ్గర చూడన్నా, తర్వాత కేబులు బిగించు" అని అడగాలి.

కొన్ని కార్లకు పిడి బదులు బటను ఉంటుంది. దాన్ని చిన్న మోటారు బిగిస్తుంది. ఆ పని తెలిసిన వర్క్‌షాపులోనే చేయించాలి.

వేడి కారు, చల్లని కారు

దూరం నుంచి వచ్చిన కారుకు పళ్లేలు వేడిగా ఉంటాయి. వేడికి ఇనుము ఉబ్బుతుంది. ఆపినాక చల్లారుతుంది, కొంచెం తగ్గుతుంది. అప్పుడు రెండో రకం బ్రేకు పట్టు సడలవచ్చు. ఆపినప్పుడు కదలని కారు కొంతసేపటికి దొర్లవచ్చు. అందుకని వాలులో ఆపితే కొద్ది నిమిషాల తర్వాత పిడిని మళ్లీ ఒకసారి లాగాలి.

వాలులో కారు ఆపితే

పిడి గట్టిగా లాగాలి. గేరు బండి అయితే గేరులో పెట్టాలి. కారు ముఖం ఎగువకు ఉంటే ఒకటో గేరు. దిగువకు ఉంటే రివర్సు గేరు. చక్రం కింద రాయి పెట్టాలి. బ్రేకు ఎంత బాగున్నా దిగువ వైపు పిల్లలను కూర్చోబెట్టకూడదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను ప్రకారం, డ్రైవరు సీటులో లైసెన్సు ఉన్న మనిషి లేకపోతే ఇంజను ఆపాలి. బ్రేకు వెయ్యాలి, లేదా బండి దానంతట అది కదలకుండా వేరే ఏర్పాటు చెయ్యాలి. కాబట్టి "బ్రేకు వేసినావా నాయనా? రాయి పెట్టినావా?" అని అడగడం తప్పు కాదు. బాడుగ కట్టి ఎక్కేవాళ్లకు ఆ హక్కు ఉంది.

చెప్పండి

1. కాలి బ్రేకు బాగుంటే హ్యాండు బ్రేకు బాగున్నట్టేనా?
2. వెనక చక్రాలు ఎత్తేటప్పుడు ముందు చక్రాలకు రాళ్లు ఎందుకు పెట్టాలి?
3. మీ ఊరిలో బండ్లు వాలులో ఆగే చోటు ఏది? అక్కడ పిల్లలు ఆడుతుంటారా?