ముందు బ్రేకు పట్టు తప్పినచో

ధవళేశ్వరము ఆనకట్ట వద్ద చీలిన కాలువలు ఎన్ని యూళ్ల మీదుగా పోవుచున్నవో, అన్ని యూళ్లకును గట్టు దారి యొకటి యున్నది. ఒక ప్రక్క నిండు కాలువ, మరియొక ప్రక్క పల్లపు చేలు, నడుమ సన్నని రోడ్డు. పెక్కుచోట్ల అడ్డుగోడ యన్నది లేదు. మలుపున హఠాత్తుగా గేదెల మంద యెదురైనపుడు, బండి పది గజములలో ఆగునా, ఇరువది గజములలో ఆగునా యన్నది చిన్న ప్రశ్న కాదు. అయినను అట్టి దారుల వెంట తిరుగు పాత మోటారు సైకిళ్లలో అనేకములకు ముందు బ్రేకు పేరునకు మాత్రమే యున్నది. దానికి కారణములేమి, వానిని ఏ వరుసలో వెదకవలెను అను విషయమును ఈ ప్రసంగమున ముచ్చటింతము.

పరుగిడు బండికి బ్రేకు వేసినపుడు బరువు ముందునకు ఒరుగును. ముందు చక్రము నేలను గట్టిగా అదుముకొనును. వెనుక చక్రము తేలిక పడును. కావున పొడి రోడ్డు మీద బండిని ఆపు పనిలో హెచ్చు భాగము ముందు బ్రేకుదే. వెనుక బ్రేకును మాత్రమే తొక్కినచో తేలికపడిన చక్రము బిగుసుకొని జారును గాని బండి త్వరగా నిలువదు. మన ప్రాంతమున మాత్రము, ముందు బ్రేకు పట్టినచో బండి తలక్రిందులగునని చాలమంది నమ్మకము. ఇసుకలోను, బురదలోను, హ్యాండిలు ఒక ప్రక్కకు తిరిగియున్నపుడును ఆ భయము సహేతుకమే. తిన్నని పొడి రోడ్డు మీద క్రమముగా ఒత్తిడి పెంచుచు పట్టువానికి ఆ భయముతో పనిలేదు. భయపడి వాడక మానినచో కేబులు తుప్పుపట్టును, క్యాము బిగుసుకొనును. బ్రేకు మరింత బలహీనమగును. అంతట దానిని వాడుట మరింత తగ్గును. ఈ చక్రభ్రమణమునకు తోడు మన నేల సమతలము. వంతెనల ఏటవాలు తప్ప డెల్టాలో దిగుడు దారి యేది? ఉన్న లోపము ఏండ్ల తరబడి దాగియుండి, మారేడుమిల్లి కనుమ దిగునాడు బయటపడును.

మేమిక్కడ ప్రస్తావించునవి డ్రమ్ము బ్రేకుల బండ్లు. 1955 నుండి మదరాసులో తయారైన బుల్లెట్టు, 1996 వరకు మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు, రాజదూతు, ఇవి యన్నియు ఆ కోవలోనివే. తొలి బుల్లెట్లకు ముందు డ్రమ్ము 6 అంగుళములు మాత్రమే. అందు రెండు షూలు. వాని నడుమ ఒక చివర క్యాము, మరియొక చివర కదలని కీలు. క్యాము తిరిగినపుడు షూలు విచ్చుకొని డ్రమ్మును ఒరయును. ఒక షూను తిరుగుచున్న డ్రమ్మే తనలోనికి లాగుకొనును. తలుపు క్రింద పెట్టిన చీల, తలుపు నెట్టిన కొలది బిగిసినట్లు ఇది తనంత తానే బిగియును. రెండవ షూను డ్రమ్ము వెనుకకు నెట్టును గనుక దాని సాయము స్వల్పము. తరువాతి బుల్లెట్లలో రెండు క్యాములు పెట్టి రెండు షూలును ముందు షూలుగనే పనిచేయునట్లు చేసిరి. డ్రమ్మును 7 అంగుళములకు పెంచిరి. చిన్న డ్రమ్మును ఎంత బాగుచేసినను నేటి డిస్కు బ్రేకు కాదు. కాని చక్కగా అమరిన 6 అంగుళముల బ్రేకు కూడ, పాడైన 7 అంగుళముల బ్రేకు కన్న మేలైనదే.

రేడియో సరిగా పలుకనపుడు ఏరియలు ఊడినదేమోయని చూడక, శబ్దము పెంచు మీటను త్రిప్పువారు కలరు. బ్రేకు విషయమునను అంతే. పట్టు తగ్గినదనగానే కేబులు చివరి అడ్జస్టరును రెండు చుట్లు బిగించి పంపివేయుదురు. లివరు గట్టిపడును, బండివాడు సంతోషించును, లోపము లోపలనే యుండును.

మొదట చేతి దగ్గర ఆరంభింపవలెను. ఒకరు లివరును మెల్లగా పట్టుచుండగా మరియొకరు చక్రము దగ్గరి ఆర్మును చూడవలెను. లివరు కదలినంతసేపు ఆర్ము కదలవలెను. లివరు సగము వచ్చినను ఆర్ము చలింపనిచో, ఆ సగము బలము కేబులు మింగుచున్నదన్నమాట. పై తొడుగు వంగుచున్నదా, నలుగుచున్నదా, కొన టోపీలు సరిగా కూర్చున్నవా చూడవలెను. ఎత్తైన హ్యాండిలు వేయించుకొని కేబులు మార్చనివారి బండ్లలో ఈ బాధ హెచ్చు. క్రింది కొన విప్పి లోతీగను చేతితో లాగినపుడు అది పట్టుబట్టక జారవలెను. గరగరలాడినచో కేబులును నిలువుగా వ్రేలాడదీసి, పై కొనకు కాగితపు గరాటు కట్టి, పలుచని నూనె పోసి రాత్రి యంతయు ఉంచవచ్చును. లోపల ప్లాస్టిక్కు గొట్టమున్న నేటి కేబులునకు ఇది యక్కరలేదు. నిపిలు దగ్గర ఒక్క పోగు తెగియున్నను మారుపు తప్ప మందు లేదు.

తరువాత ఆర్ము కోణము. బ్రేకు పూర్తిగా పట్టినపుడు ఆర్మునకును కేబులునకును నడుమ ఇంచుమించు సమకోణముండవలెను. అప్పుడే లాగుడు బలము పూర్తిగా వినియోగపడును. లైనింగు అరిగిన కొలది అడ్జస్టరును బిగించుచు పోగా ఆర్ము ఆ కోణమును దాటిపోవును. అంతట ఎంత లాగినను ఫలము తక్కువ. దీనికి బజారులో రెండు ఉపాయములున్నవి. ఆర్మును విప్పి ఒక పల్లు జరిపి బిగించుట ఒకటి; షూ కొనకు రేకు ముక్క తొడుగుట రెండవది. అరిగిన లైనింగు మీద మొదటి ఉపాయము ప్రయోగించుట కడు ప్రమాదకరము. క్యాము అడ్డముగా తిరిగి నిలిచినచో షూలు వెనుకకు రాక చక్రము బిగుసుకొనవచ్చును. ఆర్ము మిక్కిలి ముందుకు పోయినదనగా లైనింగు అయిపోయినదని అది చెప్పు వార్త; వార్తను మార్చినందువలన సంగతి మారదు.

ఇంతవరకు లోపము దొరకనిచో చక్రము విప్పవలసినదే. డ్రమ్ములోని ధూళిని నోటితో గాని గాలిపంపుతో గాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండెడిది. దాని నూలు పోగులు ఊపిరితిత్తులకు హానిచేయును. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయుట మంచిది. లైనింగు అద్దమువలె మెరయుచున్నచో దానిని గరుకు కాగితముతో తేలికగా రుద్దినచో చాలును. నల్లగా నూనె పీల్చియున్నచో, బేరింగు గ్రీజు సీలు దాటి వచ్చినదని గ్రహించి, ముందు సీలు మార్చి పిదప లైనింగు మార్చవలెను. పెట్రోలుతో కడిగినను, మంట చూపినను, లోపల పీల్చిన నూనె వేడికి మరల పైకి వచ్చును. మంట చూపుట యందు నిప్పు భయము అదనము. రివెట్ల లైనింగును రివెట్టు తల డ్రమ్మును తాకకమునుపే మార్చవలెను. క్యామును బయటికి తీసి తుప్పు గీకి, వేడికి కరగని గ్రీజు సన్నని పొరగా పూయవలెను. హెచ్చైనది లైనింగు మీదికే చేరును.

క్రొత్త లైనింగు వేసినను బ్రేకు పట్టలేదని విస్తుపోవువారు తరచుగా మరచునది ఒకటి కలదు: లైనింగు అంతయు డ్రమ్మును తాకుచున్నదా? దీనికి బడిపిల్లల సుద్దముక్క చాలును. లైనింగు మీద సుద్ద పూసి, చక్రము బిగించి, బ్రేకు కొద్దిగా పట్టి చక్రమును త్రిప్పి విప్పిచూడుడు. సుద్ద చెరిగినచోటనే ఒరపిడి యున్నది. నడుమ మాత్రమే చెరిగినచో లైనింగు వంపు డ్రమ్ము వంపుకన్న చిన్నది. లేతు మీద కోసి పెద్దదైన డ్రమ్ములో మామూలు లైనింగు వేసినపుడు ఇట్లగును. అందుకు మందపు లైనింగు వేయించి వంపు సరిచేయింపవలెను. కొనలు మాత్రమే చెరిగినచో ఆ మిట్టలను ఆకురాయితో కొంచెముగా తీసి, మరల సుద్ద పూసి చూడవలెను. రెండు మూడు మారులు పట్టును. ఓపికతో కూడిన పని గనుకనే తొందరలోనున్న మెకానిక్కు దీనిని చేయడు, అడిగి చేయించుకొనవలెను.

చక్రము ఎక్కించునపుడు యాక్సిలు నట్టును తుదకు బిగింపక, చక్రమును గిర్రున త్రిప్పి బ్రేకు గట్టిగా పట్టి, ఆ పట్టు విడువకుండనే నట్టు బిగింపవలెను. అప్పుడు షూల పళ్లెము డ్రమ్ము నడిమికి తానే సర్దుకొనును. కాసు ఖర్చులేని ఈ పనివలన కలుగు మేలు చాల గొప్పది.

లివరు చేతిలో అలలవలె కొట్టుకొన్నచో డ్రమ్ము గుండ్రముగా లేదు. స్పోకుల బిగువు ఒకవైపు హెచ్చైనను డ్రమ్ము లాగబడును. కావున స్పోకులను సరిచేసిన తరువాతనే, చక్రముతో సహా లేతుకు ఎక్కింపవలెను.

ఇక నీటి మాట. సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కించునపుడు గాని, వానలో మునిగిన రోడ్డు దాటునపుడు గాని, డ్రమ్ములోనికి నీరు చేరినచో బ్రేకు కొంతసేపు పట్టదు. దాటిన వెంటనే మెల్లగా నడుపుచు, బ్రేకును తేలికగా పట్టి యుంచినచో పుట్టిన వేడికి నీరు ఆరును. సముద్రపు గాలి తగులు ఊళ్లలో కేబులును, క్యామును వర్షాకాలము ముందొకసారి, వెనుకొకసారి చూచుట అవసరము.

బాగుచేసిన బ్రేకును గట్టు మీద పరీక్షింపరాదు. రద్దీలేని సమతలపు పొడి రోడ్డున, మొదట ఒంటరిగా నెమ్మదిగా నడుపుచు, పిదప కొంచెము వేగముతో, తుదకు వెనుక మనిషిని కూర్చుండబెట్టుకొని చూడవలెను. క్రొత్త లైనింగు ఒదుగుటకు కొంత కాలము పట్టును. ఒదిగినపిమ్మట కేబులు కొద్దిగా వదులగును. అప్పుడు అడ్జస్టరును బిగించుట న్యాయమే. బిగించిన తరువాత ముందు చక్రమును ఎత్తి త్రిప్పిచూచి, అది ఎక్కడను ఒరయకుండ తిరుగుచున్నచో బండిని బయటికి తీయవచ్చును.